ఖాళీ కుర్చీలకు చల్లగాలి

మనిషనేవాడు ఒక్కడూ లేని నాలుగో అంతస్తులో ఏసీ హాయిగా నడుస్తోంది. అది చూసినప్పుడల్లా ఫ్యూజుకు ఒళ్ళు మండేది. అంత చల్లటి హాల్లో నిలబడి ఒళ్ళు మండటమేమిటని నవ్వకండి. ఆ వేసవిలో ఆ మేడలో ఉద్యోగం చేసి ఉంటే మీకూ మండేది.

ఫ్యూజు అతని అసలు పేరు కాదు. ఆ ఆరంతస్తుల అద్దాల మేడకు అతను ఎలక్ట్రీషియన్. ఎవరేమన్నా చటుక్కున ఎగిరిపడతాడని తోటి పనివాళ్ళు సరదాగా పెట్టిన పేరది. అది మెల్లగా ఇంటిదాకా పాకి, బావమరిది కూడా "ఫ్యూజు బావా" అనడం మొదలుపెట్టాడు. ఆ బావమరిది ఉద్యోగమూ ఆ మేడలోనే, ఆ నాలుగో అంతస్తులోనే. కాకపోతే అతనిది కుర్చీ ఉద్యోగం, ఇతనిది నిచ్చెన ఉద్యోగం.

రోగం వచ్చి ఊళ్ళ మీద పడ్డాక ఎవరూ గడప దాటకూడదని ఆర్డరు వచ్చింది. అందరూ ఇంటి నుంచే పని చేయండని కంపెనీ చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ కంపెనీ కంప్యూటర్లు మేడ దాటకూడదని మేనేజరు ఇంకో ఆర్డరు వేశాడు. మనుషులు ఎటైనా పోవచ్చు గానీ కంప్యూటర్లు పోకూడదు. అందుకని ఒక్కొక్కరూ ఇంట్లో సొంత లాప్‌టాప్ ఒకటి ముందేసుకుని, అందులోంచి ఇక్కడున్న తమ కంప్యూటర్‌ను నడుపుకునేవారు. చేసేది ఒకే పని, చేసేవాడూ ఒక్కడే, కంప్యూటర్లు మాత్రం రెండు. ఇక్కడ కంప్యూటర్ వేడెక్కకుండా ఒక ఏసీ, అక్కడ మనిషి వేడెక్కకుండా ఇంకో ఏసీ. కెమెరాలో అంతా స్పష్టంగా కనబడాలని మేనేజరు ఇక్కడ లైట్లు కూడా ఆర్పనిచ్చేవాడు కాదు.

వరసలు వరసలుగా తెరలు వెలుగుతుండేవి. ఎవరూ ముట్టుకోకుండానే వాటి మీద బాణం గుర్తులు పాకుతుండేవి, అక్షరాలు వాటంతటవే పడుతుండేవి. మొదటి రోజు అది చూసి ఫ్యూజు జడుసుకున్నాడు. కొన్నాళ్ళకు అలవాటైంది. ఆ తర్వాత కోపం వచ్చింది, వచ్చింది మళ్ళీ పోలేదు.

ఒకరోజు మేనేజరు ఫోన్ చేశాడు. ఆయన సెలవుకని వేరే ఊరు వెళ్ళి అక్కడే చిక్కుబడ్డాడు. రోజంతా ఫోన్లో మేడ కెమెరాలు చూస్తూ కూర్చోవడం ఆయనకు పనైపోయింది.

"ఏమయ్యా, మన కరెంటు వాడకం తగ్గలేదేంటి? ఆఫీసులన్నీ మూతపడి వాడకం పడిపోయిందని టీవీలో ఒకటే చెబుతున్నారు. మనది మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పైవాళ్ళు అడుగుతున్నారు."

"అన్నీ ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటే ఎలా తగ్గుతుంది సార్? మనుషులు పోయారు గానీ కరెంటు పోలేదుగా."

"కంప్యూటర్లు ముట్టుకోకు. ఏసీ ముట్టుకోకు. లైట్లు ఉండనీ. మిగతావి ఏమున్నాయో చూసి తగ్గించు."

మిగతావి అంటే ఏమున్నాయి? గేటు పక్క గదిలో వాచ్‌మన్ నెత్తి మీద ఒక ఫ్యాను ఉంది. ఆ గది బయట మంచినీళ్ళు చల్లబరిచే మిషను ఉంది. ఆ రెండూ తీసేయమన్నాడు మహానుభావుడు. ఖాళీ కుర్చీలకు చల్లగాలి కావాలి, కుర్చీలకు కాపలా కాసే ముసలాయనకు ఫ్యాను అక్కర్లేదు. ఫ్యూజు పళ్ళు నూరుకుని "అలాగే సార్" అన్నాడు. రెంటిలో ఒక్కటీ తీయలేదు. సంగతి విని వాచ్‌మన్, "పోనీ తీసెయ్యి నాయనా, నా మూలంగా నీకెందుకు మాట పడటం? నాకు అట్టముక్క ఉందిగా" అన్నాడు. "నువ్వు ఊరుకో పెద్దాయనా" అని కసిరాడు ఫ్యూజు. అతని ప్రేమలు అలాగే ఉంటాయి.

ఇంటికొస్తే సీను తిరగబడేది. వాళ్ళది రెండువైపులా ఇళ్ళు ఆనుకుని ఉండే సన్నటి వీధి. చివర రెండు స్తంభాల మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. పొద్దున్నే తాళాలేసుకుని పనులకు పోయి, పొద్దుగూకాక తిరిగొచ్చే జనానికి సరిపోయేలా ఎప్పుడో బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ అది. ఇప్పుడు వీధి వీధంతా పగలల్లా ఇంట్లోనే ఉంది. టీవీలు, మిక్సీలు, వాషింగ్ మిషన్లు, పిల్లలకు ఫోన్లో పాఠాలు, పెద్దలకు మీటింగులు, వీటన్నిటికీ తోడు గదికో ఏసీ. మధ్యాహ్నమయ్యేసరికి తిరిగే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఆఫీసుల్లో తగ్గిందంటున్న కరెంటంతా ఇలాంటి వీధుల నెత్తిన పడిందని టీవీలో వాగేవాళ్ళకు తెలియదు. తెలిసినా, వాళ్ళ వీధిలో వోల్టేజీ బాగానే ఉండి ఉంటుంది.

లైన్‌మన్ వచ్చి, మెడ పైకెత్తి ట్రాన్స్‌ఫార్మర్ వంక జాలిగా చూశాడు. "దీని పనైపోయింది. పెద్దది మంజూరైంది గానీ లారీలు తిరగట్లేదు. తిరిగినప్పుడు వస్తుంది" అని చేతులెత్తేసి వెళ్ళిపోయాడు.

వోల్టేజీ పడిపోతే వీధిలో అందరికీ చెమట పడుతుంది. ఫ్యూజు ఇంట్లో మాత్రం అత్తగారికి ఊపిరి ఆగుతుంది.

అత్తగారు వయసులో ఉన్నప్పుడంతా నూలు మిల్లులో పనిచేసిన మనిషి. ఆ దూది నుసి ఇన్నేళ్ళ తర్వాత ఊపిరితిత్తుల్లో తీరుబడిగా లెక్క తేల్చుకుంటోంది. మెట్లెక్కలేదు కాబట్టి కింది వాటాలో కూతురి దగ్గర ఉంటుంది, కొడుకు కుటుంబం పైవాటాలో. ఇల్లు ఆవిడ కట్టించిందే. ఆయాసం ఎక్కువైతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడ మంచాలన్నీ కొత్త రోగానివి, ఈవిడది పాత రోగం. పరీక్ష చేసి, కొత్తది లేదని తేల్చి, "ఇక్కడుంటే అది కూడా అంటుకుంటుంది, ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టండి" అని పంపేశారు. అప్పుడు వచ్చింది ఆ మిషను. గదిలో గాలిని లోపలికి లాక్కుని, అందులోంచి ఆక్సిజన్ వడగట్టి, సన్నటి గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుంది. మంచి మిషనే. కాకపోతే నిండు వోల్టేజీ కావాలి. లేదంటే కీచుమని అరిచి ఆగిపోతుంది.

ఫ్యూజు చేతనైనవన్నీ చేశాడు. స్టెబిలైజరు తగిలించాడు. వోల్టేజీ మరీ కిందికి దిగితే అదీ టక్కున ఆగేది. ఇన్వర్టరు పెట్టాడు. దాని బ్యాటరీ నిండటానికీ కరెంటే కావాలి కదా. తిరగ్గా తిరగ్గా ఒక చిన్న సిలిండర్ దొరికింది, అది ఎటైనా తీసుకెళ్ళాల్సి వస్తే దారి మధ్యలో వాడటానికి తప్ప ఎందుకూ చాలదు. ఊరంతటి మేడకు కరెంటు చూసే మొనగాడు, సొంత ఇంట్లో ముసలావిడకు ఫ్యానంత కరెంటు ఇవ్వలేకపోతున్నాడు. ఈ మాట అతను రోజుకు పదిసార్లు తనను తనే తిట్టుకుంటూ అనుకునేవాడు.

చివరికి సిగ్గు విడిచి వీధంతా తిరిగాడు. ప్రతి గుమ్మం ముందూ దూరంగా నిలబడి, మాస్కులోంచి అడిగాడు. "మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా ఏసీలు ఆపండి. మా అత్తగారి మిషను నడవట్లేదు. ఫ్యాన్లు వేసుకోండి, టీవీలు చూసుకోండి, ఏసీలు ఒక్కటే ఆపండి."

అందరూ ఎంత మంచివాళ్ళో! "అయ్యయ్యో, అంతగా చెప్పాలా?" "పెద్దావిడ కన్నా ఏసీ ఎక్కువా?" అన్నారు. టైలరు గారైతే కళ్ళు తుడుచుకున్నాడు. వీధి వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్ళు, దండాలు బారులు తీరాయి. మొదటి దండం పెట్టింది పైవాటా బావమరిదే.

ఆ మధ్యాహ్నం మిషను ఒక్కసారీ కీచుమనలేదు. అత్తగారు చాలారోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది, లేచి కాఫీ అడిగింది, కాఫీలో పంచదార తక్కువైందని కూతుర్ని సాధించింది. సాధించేంత ఊపిరి వచ్చిందని ఇంట్లో అందరూ సంబరపడ్డారు.

ఆ మర్నాడు ఏమైందో వినండి. ఏసీలు ఆగాయి కాబట్టి వోల్టేజీ పెరిగింది. వోల్టేజీ పెరిగింది కాబట్టి ఫ్యాన్లు గిరగిరా తిరిగాయి. అది చూసి ఒకాయన "ఈరోజు వోల్టేజీ భలేగా ఉందే" అనుకున్నాడు. ఇంత బాగున్నప్పుడు తన ఒక్క ఏసీ వేస్తే ఏమవుతుందిలే అనుకున్నాడు. సరిగ్గా అదే మాట పక్కింటాయన అనుకున్నాడు, ఎదురింటావిడ అనుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అందరూ ఎవరికి వారు, ఎవరికీ తెలియకుండా, తమ ఒక్క ఏసీ మాత్రం వేసుకున్నారు. మిషను కీచుమంది.

ఫ్యూజు డ్యూటీ నుంచి భోజనానికని వచ్చి ఉన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. వీధి మధ్యకెళ్ళి నిలబడి, రెండువైపులా గోడలకు వేలాడుతూ బుసలుకొడుతున్న ఏసీ డబ్బాలను ఒక్కొక్కటే వేలెత్తి చూపిస్తూ కడిగేశాడు. "టైలరు గారూ, నిన్న కళ్ళు తుడుచుకుంది ఆ రుమాలుతోనేనా? తలుపులు వేసుకుంటే తెలీదనుకున్నారా? ఆపండి! మీ చల్లదనం కోసం ఒక మనిషిని చంపేస్తారా?"

ఎవరూ తలుపు తీయలేదు. ఒక కిటికీ మాత్రం కాస్త తెరుచుకుని, "అరిచేదేదో మాస్కు పెట్టుకుని అరవండి" అని మళ్ళీ మూసుకుంది.

ఏం చేయాలో తోచక, ఇంటి వెనకవైపుకు వెళ్ళాడు. అక్కడ అత్తగారి గది కిటికీ ఉంది. కిటికీ పక్కన, నేల మీద, అంట్లగిన్నెల కోసం పెట్టిన బకెట్టు ఉంది. అందులో నీటి చుక్కలు పడుతున్నాయి. టప్పు, టప్పు. ఆ ఎండలో వాన ఎక్కడిదా అని తలెత్తి చూశాడు. పైవాటా గోడకున్న ఏసీ గొట్టంలోంచి పడుతున్నాయి.

ఆ ఏసీ బిగించింది ఫ్యూజే. పోయినేడు బావమరిది ముచ్చటపడితే, ఎవరి చేతా వేలు పెట్టనివ్వకుండా స్వయంగా బిగించాడు. వీధిలో పరాయివాళ్ళు చేస్తే కోపం వచ్చింది. ఇది సొంత ఇంటివాడు చేశాడు.

కిటికీలోంచి అత్తగారి గొంతు వినిపించింది. మంచం మీద లేచి కూర్చుని ఉంది, దిండు ఒళ్ళో పెట్టుకుని దాని మీదికి వంగి, ఒక్కో మాటకూ ఆగుతూ మాట్లాడింది. "నిన్న కూడా... పడ్డాయి అల్లుడూ. అందరూ ఆపినప్పుడు కూడా. నువ్వు... గొడవ చేస్తావని చెప్పలేదు."

"నీకు ఊపిరాడకపోతే కూడా కొడుకును వెనకేసుకొస్తావా అత్తయ్యా!"

"కొడుకుని కాదు. నీ గొంతు... వినలేక."

అతను మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైవాటా తలుపు బాదాడు. తలుపు తెరుచుకోగానే చల్లగాలి మొహానికి కొట్టింది. బావమరిది చెవులకు హెడ్‌ఫోను, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో ఉన్నాడు. గట్టిగా మాట్లాడొద్దని చేత్తో సైగ చేశాడు.

"ఏసీ ఆపు."

"బావా, మెల్లగా. కాల్‌లో ఉన్నా."

"కింద మీ అమ్మకు గాలి అందట్లేదురా! ఆపు!"

"నా ఒక్కడి ఏసీ ఆపితే ఏం ఒరుగుతుంది బావా? వీధంతా వేసుకుంటున్నారు. ముందు వాళ్ళ చేత ఆపించు. పిల్లాడి గోల వినబడకుండా తలుపులు మూసుకుని కూర్చోవాలి, ఈ లాప్‌టాప్ చూడు, పెనంలా కాలుతోంది. ఇది ఆగిందంటే నా ఉద్యోగం పోతుంది. నీకేం, నీది ఫీల్డు డ్యూటీ."

"నీ అసలు కంప్యూటర్ అక్కడ చల్లగా ఉందిరా. దాన్ని చల్లగా ఉంచేది నేనేరా దరిద్రుడా! దానికీ ఏసీ, నీకూ ఏసీ. ఒక్క నీ ఉద్యోగానికి రెండు ఏసీలు నడుస్తున్నాయి, ఆవిడకు ఒక్క గొట్టం నడవట్లేదు!"

బావమరిది ఏదో అనబోయాడు. ఇంతలో కింది నుంచి ఫ్యూజు భార్య కేక వినబడింది. "ఏమండీ! అమ్మ పెదాలు నీలంగా అయిపోతున్నాయి!"

ఇక ఆలోచించే పని పెట్టుకోలేదు. చిన్న సిలిండర్ తగిలించి, అత్తగారిని రెండు చేతుల మీదా ఎత్తుకుని, తను భోజనానికి వేసుకొచ్చిన కంపెనీ వ్యానులో పడుకోబెట్టాడు. భార్య సిలిండర్ పట్టుకుని పక్కన కూర్చుంది, మిషను ఆమె కాళ్ళ దగ్గర. బావమరిది మెట్ల మీదికి వచ్చి, "ఎక్కడికి బావా? నేనూ రానా?" అన్నాడు. హెడ్‌ఫోను మాత్రం తీయలేదు. ఫ్యూజు అప్పటికే బండి తోలేశాడు. కరెంటు పనివాళ్ళ పాసు అద్దానికి అంటించి ఉంది కాబట్టి దారిలో ఎవరూ ఆపలేదు.

మేడ గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి తొంగిచూశాడు. ఏమిటని అడగలేదు. గేటు బార్లా తెరిచి, లిఫ్టు పట్టుకుని నిలబడ్డాడు.

నాలుగో అంతస్తులో పడుకోబెట్టడానికి చోటుకు కొదవ లేదు. కానీ ఫ్యూజు ఒక్కచోటికే వెళ్ళాడు. రిసెప్షన్ దగ్గరి సోఫాను బరబరా ఈడ్చుకొచ్చి, మూడో వరసలో బావమరిది బల్ల పక్కన వేశాడు. బల్ల కింది ప్లగ్గులో మిషను తగిలించాడు. అది కీచుమనకుండా, గొణగకుండా నడిచింది. కాసేపటికి అత్తగారి పెదాలకు రంగు వచ్చింది. భార్య తల్లి చేతులు పట్టుకుని ఏడ్చింది. ఫ్యూజు అటు తిరిగి నిలబడి ఏసీ గొట్టాలను బండబూతులు తిట్టాడు.

అత్తగారు తేరుకుని చుట్టూ చూసింది. ముందు చలికి పైటచెంగు భుజాల నిండా కప్పుకుంది. తర్వాత పక్కనున్న తెర మీద కళ్ళు పడ్డాయి. బాణం గుర్తు అటూ ఇటూ పరుగెడుతోంది. గళ్ళలో అంకెలు పడుతున్నాయి.

"ఇదేంటి, దీన్నెవరు తిప్పుతున్నారు?"

"మీ అబ్బాయే అత్తయ్యా. ఇంట్లో కూర్చుని తిప్పుతున్నాడు. ఇది వాడి కంప్యూటరే, ఆ ఖాళీ కుర్చీ వాడిదే."

ఆవిడ చాలాసేపు ఆ బాణం గుర్తును కళ్ళతో వెంబడించింది. "చిన్నప్పుడూ ఇంతే, ఒక్కచోట కుదురుగా ఉండేవాడు కాదు" అని మురిసిపోయింది. కన్నతల్లి ఎలాంటి కొడుకును చూసైనా మురవగలదు. అది చూసి ఫ్యూజుకు ఇంకా మండింది. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ అలా పడుకుని తెర చూస్తూనే ఉంది. గుర్తు ఆగితే "టీకి లేచినట్టున్నాడు" అనేది, కదిలితే "వచ్చాడు" అనేది. అయితే అంతసేపు కదిలినవాడు, తల్లి ఎలా ఉందని అక్కకు ఒక్కసారి ఫోన్ చేశాడు. అది కూడా మీటింగుకీ మీటింగుకీ మధ్యన.

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఫోన్ చేశాడు, కెమెరాల్లో అప్పటికి నాలుగో అంతస్తు వంతు వచ్చినట్టుంది. ఎవరి చేతులూ ఖాళీగా లేవు, ఫ్యూజు అత్తగారికి నీళ్ళు తాగిస్తున్నాడు, అందుకని స్పీకరులో పెట్టాడు.

"నాలుగో అంతస్తులో సోఫా మీద ఎవరయ్యా అది?"

"మా అత్తగారు సార్."

"అత్తగారా? ఆఫీసులో అత్తగారేంటి? ఆ పక్కన మిషనేంటి? దానికి పర్మిషన్ ఎవరిచ్చారు? అసలే వాడకం తగ్గించమని నేను మొత్తుకుంటుంటే నువ్వు కొత్త లోడు తగిలిస్తావా?"

ఫ్యూజు ఎగిరిపడ్డాడు. "ఏం లోడు సార్? ఆ మిషను తినేదెంత, మీ ఖాళీ కుర్చీలు తినేదెంత? వీధిలో కరెంటు లేక ఆవిడ చచ్చేలా ఉంటే తీసుకొచ్చాను. ఇక్కడ మనిషే లేని చోట పోసి పారేస్తున్నారుగా, అందులో చెంచాడు ఆవిడ ముక్కుకు పోతే మీ సొమ్మేం పోయింది?"

"రూల్సు ఒప్పుకోవు. బయటి మనిషి బిల్డింగులో ఉండకూడదు. రేపు ఎవరికైనా అంటుకుంటే?"

"ఎవరికి అంటుకుంటుంది సార్? కీబోర్డులకా?"

"నోరు అదుపులో పెట్టుకో. సాయంత్రంలోగా ఆవిడని ఖాళీ చేయించు. లేదా నువ్వు ఖాళీ. వాచ్‌మన్‌కు చెప్పి బయటికి పంపిస్తాను."

పెద్దావిణ్ణి చూసిపోదామని పైకొచ్చిన వాచ్‌మన్ ఫోను దగ్గరికి వంగి, ఎంతో వినయంగా అన్నాడు. "మనిషికీ మనిషికీ దూరం ఉండాలని మీరే రాయించి గోడకు అంటించమన్నారు కదా సార్. ఆవిణ్ణి ఎలా ముట్టుకునేది?"

ఫ్యూజుకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ గడప దాటకూడదు, దూరంగా ఉండాలి అనే ఆ ఆర్డరు పేరు చెప్పి అందరూ తన నోరు మూయిస్తున్నారు. అదే ఆర్డరు ఇవాళ తనకు పనికొస్తుంది. "మీరే వచ్చి దింపండి సార్" అన్నాడు. "రండి. మీరు చిక్కుకున్న ఊరి పొలిమేర దాటి చూపించండి, నేనే ఎదురొచ్చి లిఫ్టు ఎక్కిస్తాను. రాలేరుగా? ఇంకెవడొస్తాడు? మనుషులే లేకుండా మేడ నడుపుతున్నారుగా, ఇప్పుడు కెమెరాను పంపించి దింపించండి!"

అక్కడితో ఆపి ఉంటే అతని గెలుపే. కానీ ఫ్యూజు ఆగే రకమైతే ఆ పేరెందుకు వస్తుంది? "బయటి మనిషంట, బయటి మనిషి! మీ ఉద్యోగి కన్నతల్లే సార్ ఈవిడ. ఈ కుర్చీ ఎవరిదో చూసుకోండి!" అనేశాడు.

మేనేజరుకు ఆ మాట చాలు. "ఓహో. అలాగా" అన్నాడు, గొంతు చల్లబడింది. "ఆయన్నే అడుగుదాం, లైన్లో ఉండు."

బావమరిది గొంతు వినిపించింది. మేనేజరు ముక్కుసూటిగా అడిగాడు. మీ అమ్మగారిని ఆఫీసులో పెట్టడానికి మీరు ఒప్పుకున్నారా, లేక మీకు తెలియకుండా జరిగిందా? ఒప్పుకుంటే ఇద్దరి మీదా చర్య తీసుకోవాల్సి ఉంటుంది.

"లేదు సార్, నాకేం తెలీదు సార్" అన్నాడు బావమరిది, ఊపిరి తిప్పుకోకుండా. "మా బావ చేసిన పని. ఆయనకి కోపం వస్తే ముందూ వెనకా చూసుకోడు. నేను ఒప్పుకోలేదు సార్, ఇంటికి తీసుకొచ్చేయమని చెబుతాను సార్."

"ఒరేయ్!" అని ఫ్యూజు అరవబోయాడు. అత్తగారు అతని మణికట్టు పట్టుకుంది. ఎముకలే ఉన్న చెయ్యి అది, కానీ ఒకప్పుడు మిల్లులో పనిచేసిన చెయ్యి. "ఫోను ఇలా ఇవ్వు" అంది.

"ఒరేయ్ చిన్నోడా, నేనేరా. నీ కుర్చీ పక్కనే ఉన్నా." ఆగి, గాలి పీల్చుకుంది. "ఇక్కడ బాగుందిరా. రాత్రంతా పడుకున్నా. ఇంటికొస్తే... ఏమవుతుందో నీకు తెలుసు. ఉండమంటావా, వచ్చేయమంటావా? మీ బావ సంగతి వదిలెయ్యి. నువ్వే చెప్పు."

తెర మీద బాణం గుర్తు ఆగిపోయింది. ఆవిడ దాన్నే చూస్తోంది. ఫ్యూజు, అతని భార్య, వాచ్‌మన్, అందరూ దాన్నే చూస్తున్నారు. ఎంతసేపు ఆగిందో గానీ ఆ కాసేపట్లో ఫ్యూజు తన కోపమంతా పక్కన పెట్టి, ఒక్క మంచి మాట కోసం లోలోపల బతిమాలుకున్నాడు. అనరా. ఉండమ్మా అనరా. ఒక్క ముక్క అంటే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటాను.

గుర్తు కదిలింది. మెల్లగా పక్క గడిలోకి వెళ్ళింది. అక్కడ ఒక అంకె పడింది.

"అమ్మా, మీటింగులో ఉన్నానమ్మా" అన్నాడు కొడుకు. "తర్వాత మాట్లాడతాను."

అత్తగారు ఫోను అల్లుడి చేతిలో పెట్టింది. మొహంలో ఏడుపు లేదు, కోపం కూడా కనబడలేదు. పడుకుంటుందేమోనని కూతురు దిండు సర్దబోయింది. ఆవిడ వద్దని తలూపి, బల్ల కిందికి వంగి చూసింది.

"వీటిల్లో వాడి వైరు ఏది అల్లుడూ?"

ఫ్యూజు వేలుతో చూపించాడు. "నేను తీస్తాను అత్తయ్యా" అన్నాడు.

"నువ్వొద్దు."

సోఫా అంచు పట్టుకుని, ముక్కు గొట్టం మెలిపడకుండా ఒక చేత్తో పక్కకు జరుపుకుని, ఆయాసపడుతూ వంగి, రెండో చేత్తో ఆ నల్ల వైరును పట్టుకుని లాగేసింది. తెర చీకటైపోయింది. ఫోనులో బావమరిది గొంతు ఒక్కసారిగా పెద్దదైంది. "సార్, నా సిస్టమ్ పోయింది సార్! హలో? సార్? అన్నీ పోయాయి సార్!"

అత్తగారు వెనక్కి వాలి, నిదానంగా రెండు నిండు ఊపిర్లు తీసుకుంది. తర్వాత ఫోను వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"ఇప్పుడు మీటింగు అయిపోయిందిగా" అంది. "మళ్ళీ అడుగు వాణ్ణి."